గురువారం తెరవని తలుపు

“అది కాదే కోడలా, కంపెనీవోళ్ళు సూపిస్తన్నది పక్కనెట్టు. నువ్వు రాసిందేటి? ఆ ముక్క సెప్పు ముందు.”

గజపతినగరం మార్కెట్‌యార్డు వెనక, తిరుమలరావు గోడౌను ముందు ఆటో దిగుతూనే నరసింగరావు అందుకున్న మాట ఇది. దారి పొడుగునా ఇదే అడుగుతూ వచ్చాడు. అడిగించుకుంటున్న అనూరాధ ఆయన అక్క కూతురు. అరసవల్లిలో ఇంట్లోనే కూర్చుని విశాఖపట్నంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని చేసేది. వారం కిందట ఆ పని పోయింది. ఈ సాయంత్రం ఆమెను అరెస్టు చేస్తానని సి.ఐ. ఉమాశంకర్ కబురు పెట్టాడు. లక్ష్ముడనే జట్టు కూలీ ఆమె నిర్లక్ష్యం వల్ల చనిపోయాడన్నది కేసు.

నరసింగరావు ఉద్యోగమంతా చెక్‌పోస్టుల్లో లారీలు ఆపడంతోనే గడిచింది. రిటైరయ్యాక విజయనగరంలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. లోకంలో సగం మంది అబద్ధం చెబుతారనీ, మిగతా సగానికి అది చేతకాక నిజం చెబుతారనీ ఆయన నమ్మకం. మాట మాత్రం నెమ్మది. ఎదుటివాడికి ఓపిక పోయి తనే చెప్పేసేంత నెమ్మది.

కంపెనీ ఈ వైపు షావుకార్లకి అమ్మిన సరుకు పేరు గుమస్తా. అది మనిషి కాదు, ఏఐ. ఫోనులో తెలుగులో మాట్లాడుతుంది, గోడౌను పనులు చూసుకుంటుంది. దానికి చేతుల్లేవు. చేతులకి బదులు సాధనాలున్నాయి. తలుపు ఎప్పుడు తెరిచారో చెప్పేది ఒకటి, లోపలి గ్యాస్ మీటరు చదివేది ఒకటి, కూలీలకి లోపలికెళ్ళే పాసు ఇచ్చేది ఒకటి, ఇలా. ఏ సాధనం దేనికి పనికొస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు నమ్మకూడదో మామూలు మాటల్లో రాసిపెడితే గుమస్తా అది చదువుకుని నడుచుకుంటుంది. ఆ రాత రాయడమే అనూరాధ ఉద్యోగం.

తిరుమలరావు గోడౌనులో మినుములకి పురుగు పట్టింది. గ్యాసు వదిలే విషపు గోలీలు పెట్టి, తలుపులు మూసి, సందులకి కాగితాలు అంటించారు. తలుపు తీశాక పూర్తిగా ఒక రోజు గాలి ఆడితే గానీ మనిషి అందులో అడుగు పెట్టకూడదు. కిందటి శుక్రవారం పొద్దున్న గుమస్తా లక్ష్ముడికి పాసు ఇచ్చింది. లక్ష్ముడు పక్కనున్న చిన్న తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్ళాడు. కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చారు. ఆసుపత్రిలో రెండు రోజులు కొట్టుకుని పోయాడు.

“నాలుగు మాటలు రాసినాను మావయ్యా,” అంది అనూరాధ. ఏడవడం వారంలో అయిపోయినట్టుంది, గొంతు పొడిగా ఉంది. “ఈ తలుపు సాధనం సెప్పేది షావుకారు ఫోన్లో ‘తెరిచాం’ అన్న బొత్తాం ఎప్పుడు నొక్కినారన్నదే, తలుపు తీసింది కాదు. ముహూర్తానికని ముందే నొక్కీసేవోళ్ళు ఉన్నారు. మందు పెట్టిన గోడౌనులోకి మనిషిని పంపేటప్పుడు దీన్ని నమ్మకు. గేసు మీటరు సదువు, అంకె రాకపోతే పాసు ఇవ్వకు, ఇంటోళ్ళని అడుగు. ఇదీ రాసింది.”

“ముహూర్తం సంగతి నీకెవుడు సెప్పినాడు?”

అరసవల్లిలో ఒక షావుకారు దగ్గర గుమస్తాని పరీక్షకి పెట్టినప్పుడు, ఆయన దుకాణంలో కూర్చుని కాఫీ తాగుతూ బొత్తాం నొక్కడం తను కళ్ళారా చూశానంది అనూరాధ. తలుపు మూసే ఉందట. ఇదేమిటంటే మంచి ఘడియ దాటిపోతుందన్నాడట. ఇంటికొచ్చి ఆ పూటే ఈ మాటలు రాసింది.

నరసింగరావు తలూపాడు. అనూరాధ నిజం చెబుతోందన్న సంగతి ఆయనకి వారం కిందటే తెలుసు. తెలిసిన నిజాన్ని సి.ఐ. తెలుసుకునేలా చేయడమే ఇప్పుడు పని.

అంతలో తెల్లకారు వచ్చి ఆగింది. ముందు సి.ఐ. ఉమాశంకర్ దిగాడు. వెనక మురళీమోహన్ దిగాడు. చావు మీద విచారణకి కంపెనీ పంపిన మనిషి అతను. మడత నలగని చొక్కా, చంకలో టాబ్లెట్. నవ్వు ఒకటి ముందే తయారుచేసి తెచ్చుకున్నట్టు, ఎవరి వైపు తిరిగితే వాళ్ళకి అదే వడ్డిస్తాడు. నరసింగరావుని చూసి, పెద్దాయన ఎండలో ఎందుకు శ్రమ పడ్డారని అడిగాడు. ఇది చెక్‌పోస్టు కేసు కాదనీ, టెక్నికల్ వ్యవహారమనీ, తను కూడా ఈ ఊరు రావడం ఇదే మొదటిసారి కాబట్టి ఇద్దరం కలిసి చూద్దామనీ అన్నాడు. ఆ చివరి మాట అక్కర్లేని మాట. అక్కర్లేని మాట చెప్పేవాడి లారీని నరసింగరావు ఎప్పుడూ పక్కకి తీయించేవాడు.

టాబ్లెట్లో తలుపు సాధనం గురించి రాసి ఉన్నది మురళీమోహన్ సి.ఐ.కి చూపించాడు. ఒకే ముక్క. ‘తలుపు స్థితి: గోడౌను తలుపు తెరిచిన సమయాన్ని ఇస్తుంది.’ ఈ అమ్మాయి రాసింది ఇంతే, హెచ్చరికా లేదు, జాగ్రత్తా లేదు అన్నాడు. అయినా తలుపు గురువారం తెరిచిన మాట నిజమేననీ, లోపల గాలి సరిగ్గా ఆడకపోవడం ఓనరు లోపమో కూలీ తొందరో కావచ్చనీ, వాటికి తోడు ఈ అమ్మాయి బద్ధకమనీ తేల్చాడు. ముగ్గురి మీద మూడు ముక్కలు పంచి తన కంపెనీకి చేతులు కడిగేశాడు.

నరసింగరావు ఆ టాబ్లెట్ తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు. “తలుపు స్థితి సాధనం తలుపు స్థితి సెప్తాది. బాగున్నాది. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసినట్టున్నాది. ఏటికి పనికొస్తాదో, ఏటికి పనికిరాదో ఒక్క ముక్క లేదు. ఇది మా కోడలు రాత కాదు బాబూ. అది సిన్నప్పట్నుంచీ వాగుడుకాయి.”

“వాగుడు ఎక్కువైతే గుమస్తా నెమ్మదిస్తుంది సార్. ఖర్చు పెరుగుతుంది. క్లుప్తంగా రాయడమే మా పద్ధతి.”

“ఆమె బద్ధకం అన్నావు. ఇప్పుడు మీ పద్ధతి అంటన్నావు. ఏదో ఒకటి ఉంచుకో.”

మురళీమోహన్ నవ్వు మారలేదు. గోడౌను చూద్దాం రమ్మని సి.ఐ. ముందుకు కదిలాడు.

చిన్న తలుపు గడప పైకి, పైకమ్మీ కిందకి ఉంటుంది. బస్తా మోసేవాడు వంగి ఎలాగూ వెళ్తాడని పూర్వం ఎవడో కట్టించాడు. సి.ఐ. టోపీ కమ్మీకి తగిలి వెనక్కి పడింది. నరసింగరావు నుదురు ఠంగుమంది. అనూరాధ చెయ్యి అడ్డు పెట్టుకుంది గాబట్టి వేళ్ళతో సరిపోయింది. వాళ్ళ వెనక మురళీమోహన్ టాబ్లెట్ మీంచి చూపు తీయకుండా మెడ సరిగ్గా కావలసినంతే వంచి, గడప మీద కాలు పెట్టకుండా దాటి లోపలికొచ్చాడు. నరసింగరావు నుదురు రుద్దుకుంటూ అది చూశాడు.

చిన్న తలుపు దగ్గర వారంగా ఫ్యాన్లు తిరగడంతో లోపల వాసన పోయింది. మినుముల బస్తాలు వారం కిందట ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. పోలీసులు చిన్న తలుపు దగ్గర నేల మీద సుద్దతో గుర్తులు గీసి, ఫొటోలు తీసుకుని వెళ్ళారు. వాళ్ళు చూసింది అంతే. నరసింగరావు అటు చూడనే లేదు. గోడౌను అటు చివర లారీలు వచ్చే పెద్ద షట్టరు దగ్గరికి నడిచాడు. గాలి ఆడాలంటే తీయాల్సింది దాన్ని. చిన్న తలుపు ఒక్కటీ తీస్తే ఒక్క రోజులో ఎలకకి చాలే గాలి కూడా ఆడదు.

షట్టరు చుట్టూ సందులకి అంటించిన కాగితపు పట్టీలు ఎండి, అట్టలా బిగిసి ఉన్నాయి. ఒక్కటీ చిరగలేదు. కింది అంచున పట్టీ మీద సాలెగూడు.

తిరుమలరావుని పిలిపించారు. గోడౌను ఓనరు, నలభై దాటిన షావుకారు. గడప బయటే నిలబడ్డాడు. గురువారం తలుపు తీశామని స్టేషనులో రాసిచ్చిన మనిషి ఇతనే.

నరసింగరావు అతన్ని షట్టరు దగ్గరికి తీసుకెళ్ళి పట్టీ మీద వేలు పెట్టి చూపించాడు. ఎన్ని తలుపులున్నాయని అడిగాడు. రెండే అన్నాడు తిరుమలరావు. చిన్నది శుక్రవారం దాకా తాళం వేసే ఉందా అంటే, ఉందనీ, తాళంచెవి శుక్రవారం పొద్దున్నే లక్ష్ముడికి ఇచ్చాననీ అన్నాడు. మరి గురువారం తెరిచిన తలుపు ఏదని అడిగితే తిరుమలరావు ఫోను తీసి చూపించాడు.

“సిస్టంలో అలగే ఉన్నాది గదండీ. నాను అదే సెప్పినాను.”

“సిస్టంలో ఉన్నాది నువ్వు నమ్మినావు. మీ ఇంట్లో ఎవలో నొక్కింది అది నమ్మింది. ఇద్దర్నీ నమ్మి లక్ష్ముడు లోనికెళ్ళినాడు. అందరికీ నమ్మకమే, తలుపు తీసినోడే ఒక్కడూ లేడు,” అన్నాడు నరసింగరావు. గొంతు పెంచలేదు.

సి.ఐ. వంగి సాలెగూడు దగ్గరగా చూసి, ఫొటో తీయించాడు. మొదటిసారి మురళీమోహన్ వైపు కాకుండా నరసింగరావు వైపు తిరిగి, ఇంకేమైనా ఉందా అని అడిగాడు.

ఉందన్నాడు నరసింగరావు. తిరుమలరావు ఫోను తీసుకుని గుమస్తాని పిలిచి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. అబద్ధం చెప్పే మనుషుల్ని అడగడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. అబద్ధం చెప్పి బాగుపడేది ఏమీ లేనిదాన్ని అడగడం ఇదే మొదలు.

“లక్ష్ముడిని ఏటి సూసి లోనికి పంపినావు?”

“తలుపు స్థితి సాధనాన్ని అడిగాను,” అంది గుమస్తా, చదువుకున్న పిల్లలా. “తలుపు గురువారం ఉదయం తెరిచినట్టు సమాధానం వచ్చింది. పూర్తిగా ఒక రోజు గడిచింది కనుక పాసు ఇచ్చాను.”

“గేసు మీటరు కూడా నీ దగ్గరే ఉన్నాది గదా. దాన్నేల అడగలేదు?”

“ఆ సాధనం గురించి నాకున్నది ‘గ్యాస్ రీడింగు ఇస్తుంది’ అన్న మాట ఒక్కటే. పాసు ఇచ్చే ముందు దాన్ని చూడాలని ఎక్కడా లేదు. తలుపు తెరిచిన సమయమే చాలనుకున్నాను. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది.”

నరసింగరావు అనూరాధని ముందుకి రమ్మని, ఆ నాలుగు మాటలూ ఫోనుకి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. ఇవి కూడా తలుపు సాధనం పక్కన రాసి ఉంటే ఆ రోజు ఏం చేసేదానివని అడిగాడు. మీటరు చదివేదాన్ననీ, అంకె ఎక్కువ వస్తే పాసు ఆపి ఇంటివాళ్ళకి ఫోను చేసేదాన్ననీ గుమస్తా చెప్పింది.

మురళీమోహన్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఇప్పుడు చెవిలో ఊది ఇప్పుడే చెప్పిస్తే సాక్ష్యం ఎలా అవుతుందని సి.ఐ.ని అడిగాడు. ఆ మాటలు ముందు అందులో ఉండేవని రుజువు కావాలి గదా అన్నాడు. అడిగినదాంట్లో తప్పు లేదు. సి.ఐ. కూడా అదే అన్నాడు. గుమస్తాకి ఈ మధ్య ఇచ్చిన పాసులే గుర్తుంటాయి, పాత రాతలు కంపెనీ దగ్గర ఉంటాయి, కంపెనీ అంటే మురళీమోహన్. దొంగ ఇంటి తాళంచెవి దొంగ మొలతాడుకే ఉంది.

ఆ సరికి తిరుమలరావు తల్లి పార్వతీదేవి కాఫీలు పట్టుకుని చిన్న తలుపు బయటికి వచ్చింది. గోడౌనుకి ఆనుకునే వాళ్ళ ఇల్లు. చావు జరిగిన చోట కాఫీ ఏమిటని కొడుకు విసుక్కున్నా, వచ్చినవాళ్ళని ఊరికే పంపే వంశం కాదని ఆవిడ గ్లాసులు పంచింది. నరసింగరావుకి ఇచ్చింది, సి.ఐ.కి ఇచ్చింది. మురళీమోహన్ దగ్గరికి వచ్చేసరికి వేరే గ్లాసు తీసింది.

“నువ్వు పంచదార తాగవు గదా బాబూ.”

మురళీమోహన్ చెయ్యి గ్లాసు దగ్గర ఆగిపోయింది.

నరసింగరావు తన కాఫీ పూర్తిగా తాగాడు. గ్లాసు గట్టు మీద పెట్టాడు. అప్పుడు ఆవిణ్ణి అడిగాడు. మురళీమోహన్ గురించి కాదు. గురువారం గురించి.

ఆవిడ దాచిందేమీ లేదు. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదంతే. శుక్రవారం లోడు వెళ్ళాలి. శుక్రవారం లక్ష్మిని గడప దాటించే ఇల్లు ఈ బజారులో లేదు. అందుకని పూర్వం గురువారమే మంచి ఘడియ చూసి ఒక సోలెడు మినుములు గడప అవతల పెట్టేవారు. ప్రయాణానికి రోజు మంచిది కాకపోతే ముందురోజే ఒక గుడ్డల సంచి పక్కింట్లో పెట్టి ప్రస్థానం కట్టినట్టే, సరుకుకీ ప్రస్థానం కట్టేవారు. గురువారమే బయల్దేరిపోయింది గాబట్టి శుక్రవారం దోషం ఉండదు. ఇప్పుడు లోపల విషం ఉంది, తలుపు తీసి సోలెడు తేవడం కుదరదు. ఫోన్లో ‘తెరిచాం’ అని బొత్తాం ఉంది కదా, దేవుడి దగ్గర కూర్చుని కర్పూరం వెలిగించి అది నొక్కింది.

“అది అబద్ధం కాదు బాబూ,” అంది పార్వతీదేవి. “మేమేటి సేస్తన్నామో ఊరందరికీ తెలుసు.”

“ఊరందరికీ తెలుసమ్మా. గుమస్తా ఈ ఊరిది కాదు. దానికెవలు సెప్పినారు?”

“ఎవలు సెప్పినారో గాని, దానికి తెలుసును. దసరాల్లో నాను ఇలగే నొక్కితే ఒకటే సతాయించింది. అమ్మా, ముహూర్తానికి నొక్కినారా, నిజంగా తీసినారా, మీటరు అంకె ఎక్కువున్నాది, పాసు ఇవ్వనూ అని. నా కోడలు కూడా నన్ను అలగ అడగలేదు.”

సి.ఐ. ఉమాశంకర్ గ్లాసు కింద పెట్టాడు. ఆ దసరాల్లో అడిగిన గుమస్తా ఇప్పుడు ఎందుకు అడగలేదని అడిగాడు.

“అడక్కండా ఈ బాబే వచ్చి బాగుచేసినాడు గదా.” పార్వతీదేవి మురళీమోహన్‌ని చూపించి మెచ్చుకోలుగానే అంది. “మావోడు కంపెనీకి ఫోను సేసి గుమస్తా ముసల్దానిలాగ సణుగుతోందంటే, దీపావళి ముందు, మావోడు ఊళ్ళో లేనప్పుడు వచ్చినాడు. గోడౌనంతా తిరిగి సూసి, మా వసారాలో కుర్చీలో కూకున్నాడు. అక్కర్లేని మాటలు కొట్టీసినానమ్మా, ఇంక నోరెత్తదు అన్నాడు. పంచదార లేకండా కాఫీ తాగినాడు.”

సి.ఐ. మురళీమోహన్ వైపు తిరిగాడు.

“ఊరికి కొత్తన్నావు,” అన్నాడు నరసింగరావు. “నా నుదురు సూడు, ఈయన టోపీ సూడు. కొత్తోళ్ళం మేం. నీ మెడకి ఆ కమ్మీ ఎంత ఎత్తో తెలుసు. నువ్వు ఇక్కడికి విచారణకి రాలేదు బాబూ, నువ్వు కొట్టీసిన మాటలు మా కోడలు రాయనేలేదని రుజువు సెయ్యడానికి వచ్చినావు.”

మురళీమోహన్ నవ్వు పోయింది. అది లేని మొహం చూస్తే అందులో ఇంకేమీ లేదని తెలిసింది. అతను సి.ఐ. వైపు తిరిగి, కస్టమర్లు విసుక్కుంటే రాతలు కుదించడం అన్ని కంపెనీల్లోనూ మామూలేననీ, నాలుగు మాటలు తీసినంత మాత్రాన మనిషి చస్తాడని ఎవరు ఊహిస్తారనీ అన్నాడు.

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న అనూరాధ మాట్లాడింది. “నాను ఊహించినాను. అందుకే రాసినాను.”

సి.ఐ. తన కానిస్టేబులుని పిలిచి, మురళీమోహన్ టాబ్లెట్ తీసుకోమన్నాడు. సాయంత్రం స్టేషనుకి అమ్మాయి రానక్కర్లేదని, అతను రావాలని మెల్లగా చెప్పాడు. కథ ఇక్కడితో తీరిపోయినట్టే ఉంది. పార్వతీదేవికి మాత్రం తన కాఫీ వల్ల ఏదో అయిందని భయం పట్టుకుంది. ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, బాబు మంచివాడేననీ, తమ ఒక్కరిదే కాదు, పాతపట్నంలో వియ్యంకుడు జగన్నాధంగారి గుమస్తాని కూడా బాగుచేశాడనీ చెప్పుకొచ్చింది.

నరసింగరావు చెయ్యి నుదుటి మీదే ఆగింది.

“ఎన్ని సోట్ల తీసీసినావు?” అని అడిగాడు.

అనూరాధే చెప్పింది. అందరి గుమస్తాలకీ రాత ఒక్కటే. ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది.

నరసింగరావు పార్వతీదేవి వైపు తిరిగాడు. జగన్నాధం గోడౌనులో ఈ మధ్య మందు పెట్టారా అని అడిగాడు. పెట్టారంది ఆవిడ. తలుపు తీశారా అంటే, నిన్న పొద్దున్న బొత్తాం నొక్కారనీ, మంచి ఘడియ ఏదని ఫోను చేస్తే పంచాంగం చూసి చెప్పింది తనేననీ అంది. ఇవాళ వాళ్ళకి లోడు ఉందట.

నిన్న గురువారం. ఇవాళ శుక్రవారం.

“తిరిగి పెట్టు,” అన్నాడు నరసింగరావు మురళీమోహన్‌తో. “ఆ నాలుగు మాటలూ దాని దగ్గర తిరిగి పెట్టు. ఇప్పుడే.”

తన చేతిలో లేదన్నాడు మురళీమోహన్. టాబ్లెట్ పోలీసులు తీసుకున్నారన్నాడు. సి.ఐ. అది తిరిగి ఇవ్వబోతే, అతను పుచ్చుకోలేదు. కంపెనీ లాయర్లని అడక్కుండా ఒక్క అక్షరం ముట్టుకోనన్నాడు. ఇప్పుడు ఆ మాటలు తిరిగి పెడితే, తీసింది తనేనని సంతకం పెట్టినట్టే. పాతపట్నంలో ఎవరు ఏ తలుపు ముందు నిలబడ్డారో అతనికి అనవసరం. పైగా అనూరాధ వైపు తిరిగి, ఆమె కంపెనీకి రాసిచ్చిన బాండు గుర్తుచేశాడు. కస్టమర్లలో ఎవరికైనా ఈ సంగతి ఒక్క ముక్క రాసినా ఆమె మీద వేరే కేసు పెడతామన్నాడు.

నరసింగరావు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. బూజు పట్టిన సరుకుని పక్కకి తోసేటప్పుడు చూసే చూపు. “లక్ష్ముడు నీకన్నా నయం. ఊపిరాడక సచ్చినాడు. నువ్వు ఊపిరి ఉండీ ఇలగున్నావు.”

పార్వతీదేవి వియ్యంకుడికి ఫోను కలిపింది. ఎత్తింది ఆయన కాదు, ఝాన్సీ. పార్వతీదేవి కూతురు, ఆ ఇంటి కోడలు. మావగారు ఫోను చార్జింగులో పెట్టి గోడౌనుకి వెళ్ళిపోయారంది. గుమస్తా పాసు ఇచ్చేసిందా అని అనూరాధ అడిగితే, ఇందాకే ఇచ్చిందనీ, జట్టువాళ్ళు టీ తాగి బయల్దేరారనీ చెప్పింది. గోడౌను ఊరి చివర, స్కూటీ మీద వెళ్ళొచ్చు. కాని తను వెళ్ళి ఆపమంటే మావగారు ఆగరట. ఆడపిల్ల భయమని నవ్వుతారట. గుమస్తా చెప్పాక ఆ ఇంట్లో ఇంకొకరి మాట చెల్లదట.

“నా మాట అయితే అసలు వినరు అమ్మా. ఎవలిదైనా రాత ఉంటే సూపిస్తాను,” అంది ఝాన్సీ.

సి.ఐ. పాతపట్నం స్టేషనుకి ఫోను చేస్తున్నాడు. అటు మోగుతూనే ఉంది. నరసింగరావు అనూరాధని చూశాడు. ఆమె అప్పటికే తన ఫోను తీసింది. బాండు మాట ఆయన అడగలేదు, ఆమె ఎత్తలేదు. మురళీమోహన్ వద్దని చెయ్యి ఎత్తబోతే కానిస్టేబులు ఆ చెయ్యి కిందికి దించాడు.

“సెప్పు మావయ్యా. రాస్తాను. కింద నా పేరు పెడతాను.”

నరసింగరావు చెప్పాడు. ఆమె రాసింది. ఆయన జీవితంలో అంత గబగబా మాట్లాడింది లేదు.

“జగన్నాధంగారూ. మీ గుమస్తాకి ఆ మాటలు రాసినది నానే, గుమస్తాకి సాధనాలు నేర్పింది నానే... అది తీసీయే, ఏడిసినట్టున్నాది. ఇలగ రాయి. జగన్నాధంగారూ, నాను అనూరాధని, మీ గుమస్తాకి పని నేర్పిందాన్ని. దాన్ని నమ్మకండి. నిన్న మీరు దేవుడి దగ్గర నొక్కిన బొత్తాం దానికి తలుపులాగ కనిపిస్తన్నాది. షట్టరు కాగితం సినిగిందో లేదో ఒక్కసారి సూడండి. సినక్కపోతే లోపల విషం అలగే ఉన్నాది. గజపతినగరంలో మీ వియ్యాలోరి గోడౌనులో లక్ష్ముడు ఇలగే పోయినాడు. శుక్రవారం లోడు వెళ్ళకపోతే లక్ష్మి అలగదు. మనిషి పోతే అలుగుతాది. ఎవల్నీ లోనికి పంపకండి. ఇట్లు, అనూరాధ.”

ఆమె పంపింది. అటు ఝాన్సీ చేతిలో మావగారి ఫోను టింగుమంది. ఝాన్సీ స్కూటీ తాళాలు వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

నరసింగరావు ఫోను దగ్గరికి వంగాడు.

“వచ్చిందా తల్లీ? బేగి ఎల్లు. మీ మావ సేతికి ఇయ్యకు, ఇస్తే జేబులో పెట్టీసుకుంటాడు. ఆ తలుపు ముందుకెల్లి నిలబడు. ఆయనకీ, ఆ జట్టోళ్ళందరికీ ఇనపడేటట్టు గట్టిగా సదివి ఇనిపించు.”